ఎక్స్‌పల్స్ వెనక షాక్‌కి ఎంత గట్టి స్ప్రింగ్ వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వి, సస్పెన్షన్ అంతా కంపెనీదే. హెల్మెట్, బూట్లు, జాకెట్ లాంటి రైడింగ్ గేర్ అంతా వేసుకుంటే మీ బరువు 96 కిలోలు. ట్రిప్పుల్లో వెనక బ్యాగుల్లో 18 కిలోల దాకా సామాను. మారేడుమిల్లి వైపు మట్టిదారుల్లో వెనక షాక్ (షాక్ అబ్జార్బర్) చివరిదాకా నొక్కుకుపోయి అడుగుకి కొడుతోంది. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) పదో మెట్టులో, అంటే చివరి మెట్టులో పెట్టినా కొట్టడం ఆగలేదు. పైగా సామాను లేకుండా వెళ్తే స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనక భాగం ఎగిరి తంతోంది. పదో మెట్టులోనే కొలిస్తే బండి తన బరువుకి 4 మి.మీ., మీరు కూర్చుంటే 60 మి.మీ. దిగుతోంది. స్ప్రింగ్ మారిస్తే చాలా, షాక్ మొత్తం మార్చాలా, మారిస్తే ఎంత రేటు (గట్టిదనం) ఉన్న స్ప్రింగ్ వేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. షాక్‌లో ఆయిల్ లీక్ లేకపోతే స్ప్రింగ్ ఒక్కటి మార్చండి. ఇప్పుడున్నదానికంటే 20 నుంచి 25 శాతం గట్టిది వేయండి. షాక్ లోపలి ఆయిల్ పని ముట్టుకోకుండా స్ప్రింగ్ మాత్రమే మార్చేట్లయితే 20 దగ్గర ఆగండి. ఆయిల్ మార్పించి రీబౌండ్ (నొక్కుకున్న షాక్ ఒక్కసారిగా లేవకుండా ఆపే పట్టు) కూడా సరిచేయించుకుంటే 25 దాకా వెళ్లొచ్చు. 30 దాటొద్దు. మీ బరువుకి 35, 40 శాతం కావాలని ఎవరైనా చెప్తే వాళ్లు మీ కొలతలు చూడలేదన్నమాట.

కొలతలు మీరే ఇచ్చారు కాబట్టి నా పని సులువైంది. చాలామంది బరువు ఒక్కటి చెప్పి రేటు అడుగుతారు. అలా అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

ఆ రెండు అంకెలు ఏం చెబుతున్నాయి

బండి ఒక్కటే నిలబడితే దిగేది ఫ్రీ సాగ్. మీరు కూర్చుంటే దిగేది రైడర్ సాగ్. ఎక్స్‌పల్స్ స్టాక్ (కంపెనీ ఇచ్చిన) వెనక ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం దూరం, 170 మి.మీ. ఇలాంటి రోడ్డూ మట్టీ రెండూ తిరిగే బండికి రైడర్ సాగ్ ట్రావెల్‌లో 30 నుంచి 33 శాతం ఉండాలి. అంటే 51 నుంచి 56 మి.మీ. ఫ్రీ సాగ్ 5 నుంచి 10 శాతం, అంటే 8 నుంచి 17 మి.మీ.

మీ రైడర్ సాగ్ 60. అదొక్కటే చూస్తే కొద్దిగా ఎక్కువ, అంతే. అసలు సంగతి ఫ్రీ సాగ్ దగ్గర బయటపడుతోంది. ప్రీలోడ్ అంతా బిగించి, బండిని పైకి ఎత్తిపెట్టి, ఫ్రీ సాగ్‌ని 4కి తెచ్చినా మీరు కూర్చోగానే 56 మి.మీ. దిగిపోతోంది. ఈ 56 అనే తేడాయే మీ స్ప్రింగ్ రేటు గురించి నిజం చెప్పే అంకె. మెట్లు తిప్పితే 4, 60 రెండూ కలిసి పైకో కిందికో జరుగుతాయి. వాటి మధ్య తేడా మాత్రం అక్కడే ఉంటుంది. ఫ్రీ సాగ్ సున్నా అయిపోయి షాక్ పైకి పూర్తిగా తన్నుకుని ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. అప్పుడు రెండు మెట్లు వదులు చేసి మళ్లీ కొలవాలి.

ఇప్పుడు మనకు కావలసిన తేడా ఎంత? రైడర్ సాగ్ 55, ఫ్రీ సాగ్ 10 అనుకుందాం. తేడా 45. ఇప్పుడున్నది 56. 56ని 45తో భాగిస్తే 1.24. స్ప్రింగ్ 24 శాతం గట్టిగా ఉండాలి. లెక్క ఇంతే. ఇందులో లింకేజీ (షాక్‌ని చక్రానికి కలిపే మీటలు) ఉందా, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పొడవు ఎంత, షాక్ ఎంత వాలుగా ఉంది అన్న గొడవలేవీ రావు. శాతాల్లో లెక్క వేస్తే అవన్నీ పైనా కిందా కొట్టుకుపోతాయి.

ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకునే విషయం ఒకటుంది. రైడర్ సాగ్ సరిగ్గా పెట్టాక ఫ్రీ సాగ్ బాగా తక్కువ మిగిలితే స్ప్రింగ్ మెత్తన. ఫ్రీ సాగ్ బాగా ఎక్కువ మిగిలితే స్ప్రింగ్ గట్టి. బండి తన బరువుకే ఎక్కువ దిగుతోందంటే స్ప్రింగ్ మెత్తగా ఉందనే కదా అనిపిస్తుంది. కానీ గట్టి స్ప్రింగ్‌కి రైడర్ సాగ్ రావాలంటే ప్రీలోడ్ చాలా వదలాల్సి వస్తుంది, అందుకే బండి ఊరికే నిలబడ్డప్పుడు కూడా దిగి కూర్చుంటుంది. 80 కిలోల కుర్రాడొకడు ఎవరో చెప్పారని 40 శాతం గట్టి స్ప్రింగ్ వేయించుకుని, కంకర మీద వెనక చక్రం పట్టు లేకుండా జారుతోందని వచ్చాడు. రైడర్ సాగ్ 55కి పెడితే ఫ్రీ సాగ్ 22 వచ్చింది, తేడా 33. టైర్ మార్చుకోమని అప్పటికే నలుగురు చెప్పారట. టైర్ బాగానే ఉంది.

ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు

పదో మెట్టులో పెట్టినా లాభం లేదన్నారు, దానికి కారణం ఇదే. ఒక మి.మీ. నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలో అదే స్ప్రింగ్ రేటు. అది కడ్డీ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ప్రీలోడ్ రింగు తిప్పితే ఆ మూడింటిలో ఏదీ మారదు. స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచుతారు కాబట్టి బండి ఎత్తులో నిలబడుతుంది, దిగడం కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. మొదలయ్యాక ప్రతి మి.మీ.కీ పాత బలమే. పీవీసీ పైపు ముక్క కోసి స్పేసర్‌గా పెట్టినా జరిగేది ఇదే. పైపు పగిలితే అదో తలనొప్పి.

స్పీడ్ బ్రేకర్ దగ్గర తన్నడం కూడా దీనిలోంచే వస్తోంది. మెత్తని స్ప్రింగ్ లోతుగా మునుగుతుంది, తర్వాత అంత దూరమూ తిరిగి లేస్తుంది. ప్రీలోడ్ ఎక్కువగా ఉండడంతో పైదాకా వచ్చేసరికి కూడా ఇంకా గట్టిగా నెడుతూనే ఉంటుంది. స్టాక్ షాక్‌లో రీబౌండ్ స్క్రూ లేదు కాబట్టి మీరు చేయగలిగింది ఏమీ లేదు. పైన టక్కున తగులుతుంది, సీటు మిమ్మల్ని తంతుంది.

సామాను సంగతి కలిపి చూడండి. మామూలుగా కూర్చున్న రైడర్ బరువులో మూడింట రెండు వంతులు, ఇంకాస్త ఎక్కువే, వెనక చక్రం మీద పడుతుంది. మీ 96లో 66 కిలోలు అనుకుందాం. 66 కిలోలకి 56 మి.మీ. దిగింది కాబట్టి చక్రం దగ్గర ఒక మి.మీ.కి దాదాపు 1.18 కిలోలు. వెనక క్యారియర్ మీద బ్యాగు ఇరుసు కన్నా వెనక్కి వేలాడుతుంది, అందుకే 18 కిలోల సామాను చక్రం మీద 20 కిలోల పని చేస్తుంది. అంటే ఇంకో 17 మి.మీ. 60కి అది కలిపితే 77. ట్రావెల్‌లో 45 శాతం బండి కదలకముందే అయిపోయింది. గుంతకి మిగిలింది 93 మి.మీ. అడుగుకి కొట్టక ఏం చేస్తుంది?

కొత్త స్ప్రింగ్ 25 శాతం గట్టిదైతే చక్రం దగ్గర రేటు 1.47 అవుతుంది. మీకు 45, సామానుకి 14 మి.మీ. దిగుతుంది. సామాను కట్టి, మీరు ఎక్కకముందు 8 మి.మీ. ఉండేలా ప్రీలోడ్ పెడితే, ఎక్కాక 53 మీద నిలుస్తుంది. సామాను దించేశాక కొన్ని మెట్లు వదులు చేసుకోవాలి. ఆ పది మెట్లు పెట్టింది ఈ పనికే. 20 శాతం స్ప్రింగ్‌తో కూడా ఇది జరుగుతుంది, కాకపోతే సామాను ఉన్నప్పుడు చివరి మెట్టు దగ్గరే ఉండాల్సి రావచ్చు.

కంపెనీ వాళ్లు తప్పు స్ప్రింగ్ వేశారని కాదు. గేర్‌తో కలిపి 60 కిలోలున్న రైడర్‌ని ఇదే బండి మీద కూర్చోబెడితే ఫ్రీ సాగ్ 15, రైడర్ సాగ్ 50 దగ్గర చక్కగా కుదురుతుంది. అంత బరువున్నవాళ్లకి స్ప్రింగ్ మార్చాల్సిన అవసరమే లేదు.

కొలిచేటప్పుడు జాగ్రత్తలు

మీరు ఎలా కొలిచారో రాయలేదు, అందుకే చెప్తున్నాను. బండిని ప్యాడాక్ స్టాండ్ మీద పెట్టి "చక్రం గాల్లో ఉంది" అనుకునేవాళ్లు చాలామంది. ప్యాడాక్ స్టాండ్ స్వింగార్మ్‌ని పట్టుకుంటుంది, సస్పెన్షన్ మీద బండి బరువు అలాగే ఉంటుంది. ఇంజిన్ కింద బాష్ ప్లేట్ దగ్గర చెక్కముక్క వేసి జాకీతో లేపాలి, లేదా ఇద్దరు వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని ఎత్తాలి. చక్రం పూర్తిగా వేలాడాలి. ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన ప్యానెల్ మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, టేపుతో ఆ దూరం తీసుకోండి. చక్రం వేలాడినప్పుడు, బండి ఒక్కటే నిలబడ్డప్పుడు, మీరు కూర్చున్నప్పుడు, మూడు కొలతలూ ఆ చుక్కకే. మొదటిదాంట్లోంచి మిగతా రెండూ విడివిడిగా తీసేస్తే రెండు సాగ్‌లూ వస్తాయి.

సీల్ రాపిడి వల్ల షాక్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. అందుకని ప్రతి కొలతా రెండుసార్లు తీయండి. ఒకసారి సీటు కిందికి నొక్కి మెల్లగా వదిలి, ఇంకోసారి కొంచెం పైకి లేపి మెల్లగా దించి. రెండింటి సగటు రాసుకోండి. రైడర్ సాగ్‌కి పూర్తి గేర్‌తో, కాళ్లు పెగ్స్ మీద పెట్టి, నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోవాలి. ముందు ఒకరు బండి పట్టుకుంటే ఇంకొకరు కొలవాలి. ట్యాంకు సగమైనా నిండి ఉండాలి.

ఒంటరిగా ఉంటే బియ్యం బస్తా పని చేస్తుంది. బస్తాని సీటు మీద సరిగ్గా ఇరుసుకి పైన పడేలా కట్టి, దానికి ముందూ తర్వాతా కొలిస్తే చక్రం దగ్గర రేటు నేరుగా వచ్చేస్తుంది. బస్తా మీద 25 అని ఉందో 26 అని ఉందో చూసుకోండి. 2022లో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్లకి జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కిలోల బస్తాలకి మారాయి.

స్ప్రింగ్ కంటే ముందు షాక్ చూడండి

అడవుల్లో పక్షుల ఫొటోలు తీసుకునే ఒకాయన వచ్చారు, నల్లమలలో తిరుగుతారు. మనిషి బరువు తక్కువే. బండి అడుగుకి కొడుతోంది, గట్టి స్ప్రింగ్ వేయమన్నారు. సాగ్ కొలిస్తే రెండు అంకెలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. సీటు నొక్కి వదిలితే మాత్రం బండి రెండు మూడుసార్లు ఊగింది. డస్ట్ సీల్ ఎత్తి చూస్తే రాడ్ చుట్టూ మట్టి కలిసిన నూనె. లోపల డ్యాంపింగ్ (ఊగకుండా ఆపే ఆయిల్ పట్టు) ఏమీ మిగల్లేదు. సీల్, ఆయిల్, గ్యాస్ పని చేయిస్తే పాత స్ప్రింగ్‌తోనే సరిపోయింది. అలాంటి షాక్‌కి గట్టి స్ప్రింగ్ వేసుంటే ఇంకా ఎక్కువ తన్నేది.

కాబట్టి మీరు ముందు ఇవి చూడండి: రాడ్ మీద నూనె జిడ్డు, రాడ్ మీద గీతలు, అడుగున రబ్బరు బంప్ స్టాప్ ముక్కలైపోయిందా, పైనా కిందా బుష్‌లు ఆడుతున్నాయా. సీటు గట్టిగా నొక్కి వదిలితే వెనక భాగం ఒక్కసారి పైకొచ్చి నిలబడాలి. మళ్లీ ఊగితే స్ప్రింగ్ కొనడం ఆపి, షాక్ పని ముందు చేయించండి.

స్ప్రింగ్ గట్టిపడ్డ కొద్దీ దాన్ని పట్టి ఉంచడానికి రీబౌండ్ కూడా పెరగాలి. కాకపోతే అదే నిష్పత్తిలో కాదు, దాదాపు వర్గమూలం లెక్కన. స్ప్రింగ్ 20 శాతం పెరిగితే రీబౌండ్ 10 శాతం దాకా పెరిగితే చాలు, కొత్త ఆయిల్‌తో ఉన్న మంచి స్టాక్ షాక్ ఆ మాత్రం ఓర్చుకుంటుంది. 40 శాతం పెంచితే రీబౌండ్ 18 శాతం కావాలి. అక్కడ స్టాక్ షాక్ చేతులెత్తేస్తుంది. 30 దాటొద్దని పైన అన్నది ఇందుకే.

ఇప్పుడున్న స్ప్రింగ్ రేటు ఎలా తెలుస్తుంది

"24 శాతం ఎక్కువ సరే, దేనికి 24 శాతం?" అని మీరు అడుగుతారు. స్టాక్ స్ప్రింగ్ మీద రేటు రాసి ఉండదు. మంచి సస్పెన్షన్ షాపులో స్ప్రింగ్ టెస్టర్ ఉంటుంది, అక్కడ నొక్కించి తెలుసుకోవడం అన్నిటికన్నా మేలు. అది దొరక్కపోతే వెర్నియర్‌తో కొలిచి లెక్క కట్టొచ్చు. ఉక్కు స్ప్రింగ్‌కి సూత్రం ఇలా గుర్తుపెట్టుకోండి:

రేటు (కిలో/మి.మీ.) = 1000 × (కడ్డీ మందం)⁴ ÷ [(చుట్టు మధ్య వ్యాసం)³ × పనిచేసే చుట్లు]

మధ్య వ్యాసం అంటే బయటి వ్యాసంలోంచి ఒక కడ్డీ మందం తీసేస్తే వచ్చేది. పనిచేసే చుట్లు అంటే రెండు చివర్లా ఆనుకుని కూర్చున్న చుట్లు వదిలేసి మిగిలినవి. మామూలుగా మొత్తంలోంచి ఒకటిన్నర నుంచి రెండు తీసేస్తాం.

ఒక ఉదాహరణ. ఇది మీ బండిది కాదు, లెక్క కోసం. కడ్డీ 12 మి.మీ., మధ్య వ్యాసం 70, పనిచేసే చుట్లు 7. రేటు 8.6 కిలోలు వస్తుంది. అదే కడ్డీ 12.5 అయితే 10.2 కిలోలు. అర మిల్లీమీటర్‌కి 18 శాతం పెరిగింది! అందుకే కొలిచే చోట పెయింట్ గీకేయాలి. పెయింట్ మందం 0.2 మి.మీ. కలిసినా లెక్క 7 శాతం తప్పుతుంది, మీరు వెతుకుతున్నదే 20 శాతం తేడా. చుట్ల మధ్య ఎడం ఒకవైపు దగ్గరగా, ఇంకోవైపు దూరంగా ఉంటే అది ప్రోగ్రెసివ్ స్ప్రింగ్. దానికి ఈ సూత్రం పనిచేయదు, టెస్టర్ మీద నొక్కించాల్సిందే.

నా మటుకు నేను ప్రోగ్రెసివ్ వేయను. సాగ్ దగ్గర ఒక రేటు, లోపల ఇంకో రేటు ఉంటే డ్యాంపింగ్ దేనికి సరిపెట్టాలి? రోడ్డు మీద హాయిగా ఉంటాయని మెచ్చుకునేవాళ్లున్నారు, కాదనను. రాళ్లదారికి ఒకే రేటు ఉన్నదే వేస్తాను.

కొనేటప్పుడు, చుట్టించేటప్పుడు

బయట దొరికే స్ప్రింగుల మీద లోవ్యాసం, పొడవు, రేటు ముద్రించి ఉంటాయి. రేటు ఏ కొలతలో ఉందో చూడకుండా ఆర్డర్ పెట్టకండి. 85 న్యూటన్/మి.మీ., 8.7 కిలో/మి.మీ., 485 పౌండ్/అంగుళం మూడూ ఒకటే స్ప్రింగ్. ఒక కిలో/మి.మీ. అంటే 9.81 న్యూటన్/మి.మీ., 56 పౌండ్/అంగుళం.

రేటు కుదిరినంత మాత్రాన స్ప్రింగ్ పట్టదు. రెండు చివర్లా లోవ్యాసం సీటింగ్‌లో కూర్చోవాలి, బయటి వ్యాసం స్వింగార్మ్‌కి గానీ ఎయిర్ బాక్స్‌కి గానీ తగలకూడదు, విడి పొడవు పాతదానికి కొద్ది మి.మీ. తేడాలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, షాక్ పూర్తిగా మూసుకున్నప్పుడు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. పై ఉదాహరణలోనే మొత్తం 9 చుట్లు అనుకుందాం. 12.5 కడ్డీ అయితే చుట్లన్నీ అతుక్కున్నప్పుడు పొడవు 112.5 మి.మీ. బిగించాక 180 పొడవుండి, షాక్ రాడ్ 60 మి.మీ. లోపలికి వెళ్తే మిగిలేది 120. ఏడున్నర మి.మీ. ఖాళీ ఉంది, పర్వాలేదు. 13.5 కడ్డీ వేస్తే 121.5 అవుతుంది. బంప్ స్టాప్ కంటే ముందే చుట్లు కొట్టుకుంటాయి, ఆ దెబ్బ నేరుగా షాక్ మౌంటు మీద పడుతుంది. గట్టి స్ప్రింగ్ వేశాక మౌంటు బోల్టు వంగిందని వచ్చిన బండ్లలో నేను మొదట చూసేది ఇదే.

మన దగ్గర విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ బాలానగర్ వైపు చిన్న యూనిట్లకి స్ప్రింగ్ చుట్టించే ఇలాంటి పనులు పట్టుకెళ్తుంటారు. చేయించుకోవచ్చు. అయితే కడ్డీ ఏ ఉక్కు అని అడగండి. షాక్ స్ప్రింగులకి సిలికాన్ క్రోమ్ లేదా క్రోమ్ వెనేడియం ఉక్కు వాడతారు. మామూలు కడ్డీ చుట్టిస్తే మొదటి నెల బాగుంటుంది, తర్వాత కుంగిపోతుంది. చుట్టాక పూర్తిగా మూసుకునేదాకా కొన్నిసార్లు నొక్కి సెట్ చేశారా అని కూడా అడగండి. చేయకపోతే మీరే ప్రెస్ ఉన్న చోట చేయించి, ముందూ తర్వాతా పొడవు కొలవండి. మొదటిసారి రెండు మూడు మి.మీ. తగ్గడం మామూలే, ఆ తర్వాత నొక్కినప్పుడల్లా తగ్గుతూ పోతే ఆ స్ప్రింగ్ తిరిగి ఇచ్చేయండి.

పాత స్ప్రింగ్‌లోనే ఒక చుట్టు కోసేస్తే గట్టిపడుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రేటు పెరుగుతుంది, అది నిజమే. 7 చుట్లలో ఒకటి పోతే 17 శాతం దాకా పెరుగుతుంది. కానీ పొడవు తగ్గి ప్రీలోడ్ మొత్తం పోతుంది, చివర చదునుగా ఉండదు కాబట్టి రాడ్ మీద పక్కకి తోస్తూ సీల్‌ని తినేస్తుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు గుణమే పోతుంది. వద్దు.

బిగించేటప్పుడు

విప్పేముందు ప్రీలోడ్‌ని మొదటి మెట్టుకి తీసుకురండి. అయినా స్ప్రింగ్ షాక్ మీద వంద కిలోలకి పైగా బలంతో నొక్కుకుని ఉంటుంది. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా, రెండు తాళ్లూ ఒక స్క్రూడ్రైవరూ పెట్టి తీసే పని చేయకండి, జారితే వేళ్లు పోతాయి. గ్యాస్ నింపిన షాక్ బాడీని ఇంట్లో విప్పకండి. స్ప్రింగ్ మార్చడానికి బాడీ తెరవాల్సిన పనే లేదు.

షాక్ బయట ఉన్నప్పుడే స్వింగార్మ్ బుష్‌లు చూసి గ్రీజు పెట్టించండి, మళ్లీ విప్పడం దండగ. బిగించాక చైన్ వదులు మీరు కూర్చున్నప్పుడు చూడాలి. వెనక ఎత్తు మారింది కాబట్టి ఊరికే నిలబెట్టి చూస్తే సరిగ్గా తెలియదు. మీరు కూర్చున్నప్పుడు హెడ్‌లైట్ కొంచెం కిందికి చూస్తుంది, సరిచేసుకోండి. మీరు కూర్చున్నప్పుడు వెనక ముందుకన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి బ్రేక్ వేసినప్పుడు ముందు ఫోర్క్ ఎక్కువ మునుగుతున్నట్టు అనిపించొచ్చు. మీ బరువుకి ముందు స్ప్రింగులు కూడా మెత్తనే. వెనకది కుదిరాక కొన్నాళ్లు నడిపి, అప్పుడు ముందుది చూద్దాం. రెండూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు ఏం చేసిందో తెలియదు.

షాక్ మొత్తం మార్చడం ఎప్పుడు

లోపల డ్యాంపింగ్ పోయి రిపేర్‌కి లొంగకపోతే, లేదా మీరు వేగంగా రాళ్ల మీద నడుపుతూ రీబౌండ్, కంప్రెషన్ (షాక్ నొక్కుకునేటప్పటి పట్టు) విడిగా సర్దుకోవాలనుకుంటే. హీరో ర్యాలీ కిట్ షాక్ మంచిదే, వెనక ట్రావెల్ 220 మి.మీ. అవుతుంది. కానీ దానికి 250 మి.మీ. ముందు ఫోర్క్ కూడా కావాలి, సీటు ఎత్తు 890 మి.మీ. దగ్గరికి వెళ్తుంది. సామానుతో, ఏటవాలు మట్టిదారిలో, కాలు అందక బండి పడేసుకునేకన్నా మీకు స్టాక్ ఎత్తే మేలని నా అభిప్రాయం. పైగా కొత్త షాక్ కొన్నా దాని స్ప్రింగ్ మీ బరువుకి సరిపోతుందన్న హామీ లేదు. ఇదే రెండు కొలతలు మళ్లీ తీయాల్సిందే.

అమెరికాలో సుజుకి డీఆర్ 650 లాంటివి నడిపే మనవాళ్లు కూడా ఇదే లెక్క వాడుకోవచ్చు. దానికి ట్రావెల్ 260 మి.మీ. కాబట్టి రైడర్ సాగ్ 78 నుంచి 86 మధ్య చూసుకోవాలి. అక్కడ రేటు చెప్పి స్ప్రింగ్ విడిగా కొనుక్కోవచ్చు, అదొక సుఖం.

వెనక సీట్లో ఎప్పుడైనా మీ ఆవిడ కూర్చుంటారా అన్నది మీరు రాయలేదు. అప్పుడప్పుడైతే పైన చెప్పిన స్ప్రింగే ఉంచి చివరి మెట్టు వాడండి, నెమ్మదిగా వెళ్లండి. వెనక కూర్చున్నవాళ్ల బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. దానికి సరిపోయే స్ప్రింగ్ వేస్తే మీరొక్కరే వెళ్లినప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. సగానికి పైగా ఇద్దరూ కలిసే తిరిగేట్లయితే మాత్రం లెక్క మారుతుంది. వాళ్లని కూడా కూర్చోబెట్టి మూడో కొలత తీసి ఇక్కడ పెట్టండి. దాంతోపాటు స్ప్రింగ్ కడ్డీ మందం (పెయింట్ గీకి), బయటి వ్యాసం, మొత్తం చుట్లు, విడి పొడవు, షాక్ రాడ్ కదిలే దూరం కూడా రాయండి. షాపుకి ఏ అంకెలు ఇవ్వాలో నేను రాసిస్తాను.